దుబాయ్ వెళ్లిన తిమింగలం టీచర్

మా తమ్ముడు సుధాకర్ ఉండేది రాస్ అల్ ఖైమాలో. నేను వెళ్లొచ్చింది అక్కడికే. అయినా నిజామాబాద్‌లో మా కాలనీవాళ్లందరూ "దుబాయ్ ఎట్లుంది టీచర్?" అనే అడుగుతున్నారు. ఎత్తయిన బిల్డింగ్ ఎక్కారా, బంగారం తెచ్చారా అని కూడా. ఎక్కలేదు, తేలేదు. ఒక పడవ మాత్రం ఎక్కి వాంతులు చేసుకున్నాను. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ఈ సంగతంతా చెప్పలేక రాసి పెడుతున్నాను.

నా గురించి ముందు కొంచెం చెప్పాలి. ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పిల్లలు నాకు పెట్టిన పేరు తిమింగలం టీచర్. ఆకారం చూసి పెట్టారేమోనని మొదట్లో బాధపడ్డాను. కొంత అదీ ఉండొచ్చు. కానీ అసలు కారణం, పాఠం దేని గురించైనా సరే నేను చివరికి తిమింగలాల దగ్గరికే చేరేదాన్ని. ఉత్తర ధ్రువం వైపు రెండు వందల ఏళ్లు దాటి బతికే తిమింగలాలున్నాయనీ, కొన్నిటి ఒంట్లో మన ముత్తాతల కాలం నాటి ఈటెముక్కలు దొరికాయనీ చెప్పి, అంత వయసున్న ప్రాణిని చంపేవాళ్లు అసలు మనుషులేనా అని అడిగి, చీరకొంగుతో కళ్లు తుడుచుకునేదాన్ని. నిజామాబాద్‌లో ఆ మాటకు ఎదురు చెప్పే అవసరం ఎవరికుంటుంది? మా ఊరికి సముద్రం ఎంత దూరమో నాకు తిమింగలమూ అంతే దూరం. ఒక్కసారీ చూడలేదు.

చేపల మార్కెట్

కరోనా భయాలన్నీ పోయాక ఒక జనవరిలో వెళ్లాను. ఎయిర్‌పోర్టులో సుధాకర్ నన్ను చూసి మొదట అడిగింది, గసగసాలు తేలేదు కదా అని. అక్కడ గసగసాలు మత్తుమందు కింద లెక్క, తెస్తే పట్టుకుంటారు. తేలేదు గానీ, పసుపు, మక్కపిండి, మామిడికాయ తొక్కు, అక్కడ ప్రతి కొట్లోనూ దొరికే చింతపండు మాత్రం మోసుకెళ్లాను.

దారిలో ఒక చిన్న హోటల్ ముందు కారాపి వాడు హారన్ కొట్టాడు. ఇదేం మర్యాద అని నేను కోప్పడేలోపు ఒక కుర్రాడు కారు దగ్గరికే వచ్చి ఆర్డరు రాసుకుపోయాడు. అది అక్కడి పద్ధతట. కారులోంచి దిగకుండా తాగే ఆ కరక్ చాయ్, యాలకులు దంచి బాగా మరిగించింది, ఒకటి రెండు దిర్హాములే. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని, "మన దగ్గర దీనికి రెండు చాయ్‌లు వస్తాయి" అన్నాను. ఆ తర్వాత వారం రోజులూ ప్రతిదానికీ అదే మాట అన్నానని మా మరదలు శైలజ చెప్పింది.

సుధాకర్ కొండరాయి తీసే క్వారీలో సేఫ్టీ పని చూస్తాడు. శైలజ ఒక క్లినిక్‌లో నర్సు. రెండో రోజు పొద్దున ఇద్దరూ నన్ను చేపల మార్కెట్‌కి తీసుకెళ్లారు. అక్కడ అమ్మేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు. చేప కొని కోసేవాళ్ల దగ్గర ఇచ్చేసి మన వంతు కోసం నిలబడాలి. హమ్మూర్ అనే పెద్ద చేపను చూసి నేనే ముచ్చటపడి కొనిపించాను. మోసుకెళ్లిన చింతపండు సార్థకం చేసుకోవాలని నేనే పులుసు పెట్టాను. రెండోసారి వడ్డించుకుని తింటుండగా సుధాకర్ చెప్పాడు, ఈ చేప ఇరవై ఏళ్ల దాకా బతుకుతదట, బాగా పట్టేస్తున్నరని ఇప్పుడు రూల్స్ పెట్టిన్రు అని.

నేను గిన్నెలోకి చూశాను. పులుసు బాగా కుదిరింది. ఇంకో ముక్క వేసుకున్నాను.

హాల్లో ఉపన్యాసం

ఆ సాయంత్రం శైలజ క్లినిక్ వాళ్లను భోజనానికి పిలిచింది. మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, పంజాబ్ నుంచి ఒక డాక్టరమ్మ, పిల్లలు, మొత్తం హాలు నిండింది. మా వదిన పెద్ద స్పీకర్ అని శైలజ అందరికీ ముందే చెప్పి పెట్టింది. ఒక్కమాట బతిమాలితే చాలు, నేను లేచి నిలబడే రకం. బతిమాలకుండానే లేచాను.

ఇంగ్లిష్‌లో మాట్లాడాను. మధ్యలో మాట దొరకని చోట హిందీ, హిందీ కూడా దొరకని చోట తెలుగు, మూడూ దొరకని చోట చేతులు. రెండు వందల ఏళ్ల తిమింగలం సంగతి చెప్పాను. అంత పెద్ద వయసు జీవిని చంపడమంటే ముసలమ్మను లోపల ఉంచి ఇంటికి నిప్పు పెట్టడమే అన్నాను. చంపేవాళ్లు మనుషులే కాదు అని ముగించి కళ్లు తుడుచుకున్నాను. బాగా చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల ఏడ్చింది కూడా. చాలా తృప్తిగా అనిపించింది.

భోజనాలయ్యాక వంటింట్లో ఒకామె తను తాగిన గ్లాసు కడుగుతోంది. పేరు యోహానా. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇండోనేషియా నుంచి వచ్చిన నర్సు. శైలజకు క్లినిక్‌లో అందరికన్నా దగ్గర స్నేహితురాలు. గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"మా నాన్న తిమింగలాలను చంపేవాడు, టీచర్. మనిషే."

నేను "వెరీ గుడ్" అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పలేను. ఇన్నేళ్లుగా పిల్లలు ఏం చెప్పినా నా నోట్లోంచి ముందు వచ్చే మాట అదే. ఆమె తలూపి, శైలజకు చెప్పి వెళ్లిపోయింది.

తర్వాత శైలజ చెప్పింది. యోహానాది లెంబాటా అనే దీవి. సముద్రం ఒడ్డున, రాళ్ల మీద ఉన్న ఊరు. పంట పండదు. తాతముత్తాతల నుంచీ ఆ ఊరివాళ్లు తెరచాప పడవల్లో వెళ్లి, వెదురు గడకు ఈటె బిగించి తిమింగలాన్ని కొడతారట. ఈటె విసరరట. పడవ ముందు కొస మీద నిలబడ్డ మనిషి ఈటెతో సహా తిమింగలం మీదికి దూకుతాడట. యోహానా వాళ్ల నాన్న అలా దూకే మనిషి. రెండేళ్ల కింద ఒకసారి దూకాక తాడు కాలికి చుట్టుకుంది. తిమింగలం కిందికి మునిగింది. ఆయన దొరకలేదు.

"నాకూ గింత తెల్వది వదినా," అంది శైలజ. "నాన్న సముద్రంల పోయిండని చెప్పింది గనీ, ఎట్లనో ఇప్పుడు పోయేటప్పుడే చెప్పింది."

ఆ రాత్రి పడుకుని, నేనేం తప్పు అన్నాను, తిమింగలాన్ని చంపడం తప్పే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు. హమ్మూర్ వల్ల అనుకుని వాము నమిలాను.

ముసఫ్ఫా

మర్నాడు సుధాకర్‌కు అబుదాబి వైపు పనిబడింది. నా పాత విద్యార్థి గంగారాం అక్కడే ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో వెల్డర్. వాణ్ని చూడాలని నేనూ బయల్దేరాను. దారి పొడుగునా ఇసుక, మధ్య మధ్య ఒంటెలు అడ్డం రాకుండా కంచె. మన దగ్గర బర్రెలకు ఎవరైనా ఇంత ఖర్చు పెడతారా అన్నాను. సుధాకర్ రేడియో సౌండ్ పెంచాడు.

గంగారాం వాళ్ల క్యాంపులో ఒక్కో గదికి ఆరుగురు. గది మాత్రం మా స్టాఫ్ రూం కన్నా శుభ్రంగా ఉంది. సెలవు పెట్టి మరీ నాకోసం మేక కూర వండాడు. తోటివాళ్లతో "ఈమెనే మా తిమింగలం మేడం" అని పరిచయం చేశాడు. వాళ్లలో ఒకతను నన్ను తేరిపార చూసి తలూపాడు. పేరెందుకొచ్చిందో తనకు అర్థమైపోయిందన్నట్టు.

తింటూ గంగారాంకు యోహానా సంగతి చెప్పాను. వాడు ఓదారుస్తాడేమో, లేక తప్పు మేడం అంటాడేమో అనుకున్నాను. వాడు ముద్ద పక్కన పెట్టి గట్టిగా అన్నాడు.

"మీరు అన్నది కరెక్టే మేడం. గసుంటోళ్లు మనుషులే కాదు. మీరు ఎనిమిదో తరగతిల చెప్పిన్రు, నాకు యాదికున్నది."

పక్కవాళ్లందరూ అవునవునన్నారు. మేక ఎముక చీకుతూ ఒకతను థూ అన్నాడు కూడా. నా మాటే అది, నేను నేర్పిందే, ఒక్క అక్షరం మార్చకుండా వాడు దాచుకున్నాడు. నాకు మాత్రం యోహానా గ్లాసు బోర్లించడం కళ్లముందు మెదిలింది. కాలికి తాడు చుట్టుకున్న ఒక మనిషిని ఈ గదిలో మేమందరం కలిసి మనిషే కాదంటున్నాం. "అట్ల కాదు గంగారాం" అన్నాను. ఎట్లానో చెప్పమని వాడు ఎదురుచూశాడు. నేను ఇంకొంచెం కూర వేయమన్నాను.

దిబ్బా దారిలో

అసలు ఇబ్బంది ఏమిటంటే, తిమింగలాలంటే నాకున్న పిచ్చి తెలిసి శైలజ ముందే ఒక పడవలో మూడు సీట్లు బుక్ చేసింది. కొండల అవతల, దిబ్బా దగ్గర, లోతు సముద్రంలోకి తీసుకెళ్లి డాల్ఫిన్లను చూపిస్తారు. అదృష్టం ఉంటే తిమింగలాలు కూడా కనబడతాయి. మూడు సీట్లు అంటే తను, నేను, యోహానా.

ఆమె రాదనుకున్నాను. రాకూడదని కోరుకున్నాను కూడా. పొద్దున బిల్డింగ్ కింద ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. శైలజ కారు నడుపుతుంటే దారంతా నేను క్షమాపణ ఎలా చెప్పాలా అని ఇంగ్లిష్‌లో వాక్యం తయారు చేసుకున్నాను. ఎర్రటి కొండల మధ్య రోడ్డు బాగుంటుందని అందరూ అంటారు. నేను కొండలు చూడలేదు. క్రియాపదం సరిచూసుకుంటున్నాను. తీరా పడవ దగ్గర దిగాక ఆ వాక్యం మొదలుపెట్టేసరికి యోహానా నా లైఫ్ జాకెట్ తిరగేసి తొడుక్కున్నానని చెప్పి, విప్పి, మళ్లీ తొడిగింది. చేతులు రెండూ పైకెత్తి నిలబడి క్షమాపణ చెప్పడం నావల్ల కాలేదు.

సముద్రంలో

పడవ నడిపేది ఒక మలయాళీ. కడుపులో తిప్పితే దూరంగా సముద్రం అంచు వైపు చూడమని చెప్పాడు. శైలజ మాత్ర వేసుకుని కాసేపట్లో నిద్రపోయింది. నాకు మాత్రలు అక్కర్లేదని చెప్పాను, నేను జీవశాస్త్రం టీచర్ని కదా. ఒడ్డు ఇంకా కనబడుతుండగానే మొదలైంది. గాలికి ఎదురుగా వంగి కక్కానేమో, సగం నా మీదే పడింది. యోహానా నన్ను పట్టుకుని అటువైపు మార్చి, నుదురు చేత్తో ఒత్తి పట్టుకుంది. నీళ్లిచ్చింది. తర్వాత డబ్బా తెరిచి, పల్చటి తెల్లటి రేకుల్లాంటివి నా చేతిలో పోసి మెల్లగా నమలమంది.

మక్కలు. వేయించి, వేడి మీదే ఒక్కొక్క గింజనూ రాయితో కొట్టిన అటుకులు. మాదీ మొక్కజొన్న పండే మక్కల జిల్లానే. ఇన్ని రకాల మక్కలు తిన్నాను గానీ ఇలాంటివి తినలేదు. కడుపు నెమ్మదించింది. చాలా బాగున్నాయి, మీ ఊళ్లో మక్కలు పండుతాయా అని అడిగాను.

తమ ఊళ్లో ఏమీ పండవని చెప్పింది. కొండ మీద ఊళ్లలో పండుతాయి. తమ ఊరి ఆడవాళ్లు ఎండబెట్టిన తిమింగలం మాంసం నెత్తిన పెట్టుకుని కొండెక్కి, దానికి బదులు మక్కలు తెచ్చుకుంటారు. వాళ్లమ్మ కూడా అలాగే తెచ్చి, దంచి, మొన్న ఎవరో వస్తుంటే పంపింది.

నా నోట్లో అటుకులు సగం నమిలి ఉన్నాయి. ఉమ్మలేను. మింగాను. యోహానా నన్నే చూస్తోంది. మొదటిసారి ఆమె మొహంలో చిన్న నవ్వు కనబడింది.

అప్పుడిక క్షమాపణ వాక్యం అక్కర్లేకపోయింది. మామూలుగా మాట్లాడుకున్నాం, ఆమె కొంత ఇంగ్లిష్, కొంత క్లినిక్‌లో నేర్చిన హిందీ. ఒక్క తిమింగలం పడితే ఊరంతా నెలల తరబడి తింటారట. పడవలో లేని ఇళ్లకు, భర్తలు పోయినవాళ్లకు కూడా వాటా ఉంటుంది. అదే తిండి కోడితో రావాలంటే ఎన్ని కోళ్లను చంపాలి, అవి రెండు నెలలు కూడా బతకవు, లోకం ఏమీ చూడకుండానే చచ్చిపోతాయి, వాటి కోసం మీరు ఏడవరేం టీచర్ అని అడిగింది. గంగారాం మేక, హమ్మూర్ పులుసు నాకు ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి.

అయినా ఒప్పుకోలేదు. మొండిదాన్ని. కోడి పోతే ఇంకో కోడి వస్తుంది, డెబ్భై ఏళ్ల తిమింగలం పోతే ఆ చోటు నిండడానికి మళ్లీ డెబ్భై ఏళ్లు కావాలి అన్నాను. అది తన పిల్లలకు, పిల్లల పిల్లలకు దారి చూపిస్తూ ఉంటుంది. దాన్ని చంపితే వాళ్లకు దారి పోతుంది.

యోహానా డబ్బాకు మూత పెట్టింది. తనకూ ఆ ఆలోచన వస్తుందనీ, వార్డులో ముసలివాళ్లకు దుప్పటి సర్దేటప్పుడు వస్తుందనీ, ఆ మాట అమ్మతో అంటే చెంప పగలగొడుతుందనీ చెప్పింది. నాన్న పోయాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదట. తిమింగలం తన ప్రాణం కోసం మునిగింది. నాన్న ఊరి తిండి కోసం దూకాడు. ఇద్దరిలో ఎవరినీ తిట్టడానికి లేదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆమెకు ఒక తమ్ముడు, పెట్రుస్. ఇరవై మూడేళ్లవాడు. నాన్న నిలబడ్డ చోట నిలబడతానంటున్నాడు. మే నెలలో వేట మొదలవుతుంది. అమ్మ, ఆ పడవ వాటాదారులు అందరూ వాడినే నిలబడమంటున్నారు, ఎందుకంటే వాడు నిలబడకపోతే ఆ పడవ సముద్రంలోకి దిగదు. యోహానా మాత్రం వాడికి దుబాయ్ రేవు జెబెల్ అలీలో ఒక గోదాములో పని చూసి పెట్టింది. వీసా కూడా సిద్ధంగా ఉంది. పెద్దకూతురు కాబట్టి ఆమె గట్టిగా చెబితే అమ్మ కాదనదు. కానీ చెప్పలేకపోతోంది.

"మీరు టీచర్ కదా. ఏం చెయ్యాలి?"

నేను అలవాటుగా వేలు మడిచి "మొదటిది" అన్నాను. ఆమె వినడానికి ముందుకు వంగింది. మొదటిది ఏమీ లేదు. మడిచిన వేలు అలాగే ఉంది. తిమింగలం బతకాలి అనొచ్చు. ఆ మాట వినడానికేనా ఆమె నా తల పట్టుకుని ఇంతసేపు కూర్చుంది?

"నాకు తెలియదు," అన్నాను. "అది సుధాకర్ అయితే మాత్రం కాలర్ పట్టుకుని లాక్కొస్తా. అడిగినవాళ్లకు తిమింగలం కోసమని చెప్తా."

యోహానా గట్టిగా నవ్వింది. శైలజ కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.

ఇంకాసేపటికి నాకు మళ్లీ తిప్పి, పడవ అంచు మీదికి వంగాను. అప్పుడు యోహానా ఒక్కసారిగా లేచి "బలేయో!" అని అరిచింది. పడవంతా ఉలిక్కిపడింది. తలెత్తి చూశాను. దూరంగా నీటి మీద నుంచి పొగలాంటి ఊపిరి, ఒక పక్కకు వాలి లేచింది. కింద బూడిద రంగు వీపు, ముడతలు పడ్డది. ఎండిన మొద్దు తేలుతున్నట్టుంది. అది మరొకసారి ఊపిరి వదిలి, వీపు వంచి, తోక నిలువునా పైకెత్తి, చప్పుడు లేకుండా లోపలికి జారింది.

ఇన్నేళ్లు ఏ క్షణం గురించి చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నానో అది వచ్చినప్పుడు నా కళ్లలో నీళ్లు లేవు. గడ్డం మీద వాంతి ఉంది. చేత్తో తుడుచుకోవడం కూడా మరిచిపోయి నోరు తెరిచి చూశాను.

యోహానాను చూస్తే కుడి కాలు ముందుకు వేసి, రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడి ఉంది, వాటిలో ఏమీ లేదు. తను ఎలా నిలబడిందో తనకే అప్పుడు తెలిసినట్టు చేతులు దించి, మొహం కప్పుకుని కూర్చుంది. బలేయో అనేది తిమింగలం కనబడగానే ఊళ్లో ఇంటి నుంచి ఇంటికి అరుచుకుంటూ పోయే కేక అట. చిన్నప్పటి నుంచీ అరిచిందే. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. వెరీ గుడ్ అనకుండా జాగ్రత్తపడ్డాను.

తిరిగొచ్చాక

నేను వచ్చేసిన రెండు నెలలకు పెట్రుస్ జెబెల్ అలీ చేరాడు. యోహానా మెసేజ్ పెట్టింది. జూన్‌లో ఇంకోటి పెట్టింది. వేట మొదలైంది, మిగతా పడవలు దిగాయి, మా పడవ కొట్టంలోనే ఉంది, అమ్మ నాతో మాట్లాడటం లేదు అని. మా వీధివాళ్లకు ఈసారి వాటా తక్కువ, నేను నెలనెలా పంపేదానితో బియ్యం కొంటున్నారు అని. చివర, మీ తిమింగలం ఒకటి బతికి ఉంటుంది టీచర్, అని రాసింది.

సంతోషం వేసింది. వెంటనే సిగ్గూ వేసింది. నా జీవితంలో ఇన్ని ఉపన్యాసాలిచ్చాను, వాటి వల్ల కోడిపిల్ల కూడా బతికి ఉండదు. బతికిందేమో అనుకుంటున్న ఈ ఒక్క తిమింగలం, నేను ఏం చెప్పాలో తెలియక తమ్ముడి మీద ప్రేమతో అన్న మాటకు బతికింది. దాని ఖర్చు మాత్రం నేను చూడని ఒక ఊరి ఆడవాళ్ల మీద పడింది.

ఏం రాయాలో తెలియక ఫోన్ చేశాను. ఆ రోజు సెలవు. పెట్రుస్ ఆమె గదిలోనే ఉన్నాడు. పని బాగానే ఉందట, రోజంతా పెట్టెలు పేర్చడం. ఒంటరిగా బీచ్‌కు పోయి కూర్చుంటాడట గానీ నీళ్లలో దిగడట. నేనెవరో యోహానా చెప్పగానే వాడు ఫోన్ లాక్కున్నట్టున్నాడు. వాళ్ల భాషలో గబగబా ఏదో అడిగాడు. ఆమె మధ్యలో నిలబడి నాకు ఇంగ్లిష్‌లో చెప్పింది.

"దిబ్బా దగ్గర మీరు చూసినదాని గురించి అడుగుతున్నాడు. ఎంత పెద్దదట?"

పడవ కన్నా పెద్దది అన్నాను. వీపు మీద ముడతల సంగతి చెప్పాను. ఊపిరి ఏ పక్కకు వాలింది, తోక పూర్తిగా పైకి లేచిందా, అంచులు అరిగి ఉన్నాయా అని అడిగాడు. తోక పూర్తిగా లేచిందన్నాను. అలా లేస్తే చాలా లోతుకు పోయిందన్న మాట, మీరు ఇంకొంచెం ఆగాల్సింది, మళ్లీ వచ్చేదే అన్నాడు. వాడి గొంతులో ఆరాటం నాకు అర్థం కావడానికి భాష అక్కర్లేకపోయింది.

తిరిగొచ్చాక ఈ తిమింగలం గురించి చాలామందికి చెప్పాను. విన్నారు, అవునా అన్నారు, బంగారం రేటు అడిగారు. ఇంత ఇష్టంగా, ఊపిరి బిగబట్టి విన్న మనిషి మాత్రం వీడొక్కడే. అవకాశముంటే దాన్ని చంపేవాడు కూడా వీడే.

 తర్వాత వాడు ఏదో అడిగాడు. యోహానా గొంతు తగ్గించి చెప్పింది.

"మొదటి నుంచి మళ్లీ చెప్పమంటున్నాడు, టీచర్. నెమ్మదిగా."

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ముందుగా నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టాను.